పాట నంబరు ఏమైంది?



నాది డోర్నకల్. చాలామందికి అది బండి మారే జంక్షన్. విజయవాడ వైపు ఒక దారి, కారేపల్లి మీదుగా కొత్తగూడెం వైపు ఇంకో దారి. ఇంకొందరికి అది అజరయ్య గారి ఊరు. 1912లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు ఈ ఊరినే తన కార్యక్షేత్రం చేసుకున్నారు. 1945 జనవరి 1న ఇక్కడే కన్నుమూశారు. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. అలాంటి ఊరు కాబట్టి డిసెంబరు వచ్చిందంటే అచ్చుపనికి కొదవుండదు. పాటల పుస్తకాలు, కూడికల కరపత్రాలు, సండే స్కూలు పిల్లల నాటికల కాగితాలు. నేను చేసేది డీటీపీ పని. చాలా ఏళ్ల కిందట ఒక డిసెంబరులో జరిగిన నష్టం దగ్గర మొదలుపెడతాను.

ఒక సంఘం యువకులు క్రిస్మస్ పాటల పుస్తకం కావాలన్నారు. ఏ4 సైజు, 24 పేజీలు, 150 కాపీలు. హైదరాబాదులో చదువుకుంటున్న వాళ్ల సంఘం పిల్లవాడే పాటలు కంపోజ్ చేశాడు. పేజీకొక పాట. ప్రతి పేజీలో పై అంచుకు 12 మిల్లీమీటర్ల కింద పాట నంబరు. ఆ అబ్బాయి నాకు పంపింది పోస్ట్‌స్క్రిప్టు ఫైలు. తెర మీద తెరిచి చూశాను. నంబర్లున్నాయి, పాటలున్నాయి, ఒక్క వత్తు కూడా చెదరలేదు. దాన్ని పీడీఎఫ్‌గా మార్చాను. పేజీ పేజీ లేజర్ ప్రింటు తీశాను. పాటల్లో అచ్చుతప్పులు లేవని చదువుకున్నాను. జిరాక్సు వేసి పిన్ను కొట్టించాను. కట్టలు తీసుకెళ్లిన కుర్రాళ్లు గంటలో తిరిగొచ్చారు.

"అన్నా, పాటల నంబర్లు ఏడికి పోయినయే?"

24 పేజీల్లో ఒక్క నంబరూ లేదు. పాటంతా ఉంది, కింది అంచు సరిగ్గా ఉంది, ఎడమ అంచు సరిగ్గా ఉంది. పైన నంబరు మాత్రం చాకు పెట్టి కోసినట్టు పోయింది. అయ్యగారు ఆరాధనలో "పదకొండో పాట" అంటే జనం ఏ పేజీ తిప్పాలి? మళ్లీ వేయడానికి డబ్బూ లేదు, వ్యవధీ లేదు. ఆ రాత్రి పన్నెండు మంది పిల్లలు మందిరంలో చాపలు పరుచుకుని కూర్చుని బాల్‌పెన్నుతో నంబర్లు రాశారు. 150 పుస్తకాలు, పుస్తకానికి 24, మొత్తం 3600 నంబర్లు. నేనూ వాళ్లతో కూర్చుని రాశాను. రాస్తున్నంతసేపూ ఒకటే ప్రశ్న నన్ను తొలిచింది. తెర మీద ఉన్న నంబరు కాగితం మీదికి ఎందుకు రాలేదు?

జవాబు దొరకాలంటే ముందు పోస్ట్‌స్క్రిప్టు అంటే ఏమిటో తెలియాలి. అడోబీ సంస్థను 1982లో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ స్థాపించారు. 1984లో వాళ్లు తెచ్చిన భాష ఇది. మరుసటి ఏడు యాపిల్ వాళ్ల లేజర్‌రైటర్ ప్రింటరు ఈ భాషతోనే వచ్చింది, ఆ ఏడే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము కూడా వచ్చింది. డీటీపీ అనే వృత్తి పుట్టింది ఆ మూడింటి కలయికలోనే. పోస్ట్‌స్క్రిప్టు ఫైలులో ఉండేది పేజీ బొమ్మ కాదు. పేజీని ఎలా గీయాలో చెప్పే ఆజ్ఞలు. ఇక్కణ్ణుంచి ఇంత దూరం జరుగు, ఈ అక్షరం పెట్టు, ఇక్కడ గీత గీయి, ఈ పేజీ అయిపోయింది, బయటికి పంపు. ఇలా ఉంటుంది వరస. ప్రింటరులోనో కంప్యూటరులోనో కూర్చున్న ఇంకో ప్రోగ్రాము ఆ ఆజ్ఞలు చదువుతూ పేజీ గీస్తుంది. మేస్త్రీకి ఇల్లు చేసి ఇవ్వం, ప్లాను చేతిలో పెడతాం. ఇదీ అంతే.

మేస్త్రీకి ప్లానుతో పాటు స్థలం కొలత కూడా చెప్పాలి కదా. నా ఫైలులో లేనిది అదే.

పోస్ట్‌స్క్రిప్టు కొలిచే కొలమానం పాయింటు. అంగుళానికి సరిగ్గా 72 పాయింట్లు. మన ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 పొడవు. పాయింట్లలో చెబితే 595, 842. అమెరికాలో వాడే లెటరు కాగితం ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు. అంటే 612, 792. పక్కపక్కన పెడితే రెండూ ఒకటేలా ఉంటాయి. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. కానీ ఏ4 లెటరు కంటే 6 మిల్లీమీటర్లు సన్నం, 18 మిల్లీమీటర్లు పొడవు. ఈ నాలుగు అంకెలు, 595, 842, 612, 792, మా పని చేసేవాళ్లు గోడ మీద రాసి పెట్టుకోవలసినవి. ఏ ఫైలులోనైనా 612, 792 కనిపిస్తే అందులో ఎక్కడో అమెరికా కాగితం దూరిందని అర్థం.

రెండో సంగతి. పదో తరగతి గ్రాఫు గుర్తు తెచ్చుకోండి. సున్నా ఎక్కడ ఉంటుంది? కింద ఎడమ మూలన. పోస్ట్‌స్క్రిప్టుకూ అంతే. అది కింది నుంచి పైకి లెక్కపెడుతుంది. 842 పాయింట్ల ఎత్తు ఉందనుకుని గీసిన పేజీని 792 పాయింట్ల కాగితం మీద వేస్తే కింది అంచు కిందే ఉంటుంది, తేడా అంతా పైన పడుతుంది. 50 పాయింట్లు, అంటే 17 మిల్లీమీటర్ల పైచిలుకు, కాగితం దాటి గాలిలో పడుతుంది. మా పాట నంబరు ఉన్నది అంచుకు 12 మిల్లీమీటర్ల కింద. పోక తప్పలేదు. అదే సున్నా పై మూలన ఉండి ఉంటే కింది మార్జిన్ పోయేది, ఎవరికీ ఏ నష్టమూ ఉండేది కాదు. శీర్షిక, పేరు, నంబరు, మనం ముఖ్యమనుకున్నవన్నీ పైనే పెడతాం. ఈ తప్పు కోసుకుపోయేదీ పైభాగాన్నే.

రైల్వే ఊరి మనిషిని కాబట్టి నాకు గేజి గుర్తొస్తుంది. బ్రాడ్‌గేజి పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు, మీటరు గేజికి 1000. మీటరు గేజి పెట్టె బ్రాడ్‌గేజి పట్టాల మీద నిలబడనే నిలబడదు. తప్పు యార్డులోనే తెలిసిపోతుంది. కాగితం విషయంలో అలా ఆపేవాళ్లు లేరు. ఏ4 పేజీ లెటరు మీదికి ఎక్కుతుంది, సాగిపోతుంది, ఒక ముక్క పోగొట్టుకుని గమ్యం చేరుతుంది. ఏ హెచ్చరికా రాదు. అందుకే ఇది ప్రమాదం.

ఇక తెర మీద సరిగ్గా ఎందుకు కనిపించింది? నాకు అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది ఇదే తేల్చుకోవడానికి. కొంచెం నిదానంగా చెబుతాను.

పోస్ట్‌స్క్రిప్టు ఫైలును మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చు. అది అక్షరాల ఫైలే. మొదటి వరసలో పర్సెంటు గుర్తు, ఆశ్చర్యార్థకం, ఆ పక్కన పీ ఎస్ అని ఉంటుంది. దాని కింద రెండేసి పర్సెంటు గుర్తులతో మొదలయ్యే వరసలు కొన్ని వస్తాయి. వాటిలో బౌండింగ్ బాక్స్ అనేది ఒకటి. దాని పక్కన నాలుగు అంకెలు. సిరా పడే భాగం కింది ఎడమ మూల నుంచి పై కుడి మూల దాకా ఎంతో చెబుతాయి. డాక్యుమెంట్ మీడియా అనే వరస ఉంటే అందులో కాగితం పేరు, కొలత ఉంటాయి. ఇక్కడే ఉంది కిటుకు. ఈ భాషలో పర్సెంటు గుర్తు తర్వాత వచ్చేది ఆజ్ఞ కాదు, పక్కన రాసుకున్న గమనిక. గీసే ప్రోగ్రాము దాన్ని చదవకుండా దాటేస్తుంది. తెర మీద చూపించే వ్యూయర్లు కొన్ని మాత్రం ఆ గమనికలు చదివి, ఓహో ఇది ఏ4 అని, కిటికీని ఆ కొలతకు సర్దుకుంటాయి. పీడీఎఫ్‌గా మార్చే ప్రోగ్రాము గమనికను పట్టించుకోదు. దానికి కావలసింది ఆజ్ఞ. ఆ ఆజ్ఞ పేరు సెట్ పేజ్ డివైస్. దాని ముందు పేజ్ సైజ్ అని, చదరపు బ్రాకెట్ల మధ్య రెండు అంకెలు ఉండాలి. 595, 842 అని ఉంటే ఏ4.

ఆ పిల్లవాడి ఫైలులో గమనిక ఉంది. ఆజ్ఞ లేదు. చిరునామా కవరు మీద రాయకుండా లోపలి ఉత్తరంలో రాసినట్టు. మనిషి విప్పి చదువుకుంటాడు, పోస్టాఫీసు విప్పి చదవదు కదా. ఆజ్ఞ లేనప్పుడు మార్చే ప్రోగ్రాము తనకు పుట్టుకతో వచ్చిన కొలత తీసుకుంటుంది. నేను వాడింది ఘోస్ట్‌స్క్రిప్టు. ఎల్. పీటర్ డాయిష్ రాసి 1988లో విడుదల చేసిన ప్రోగ్రాము అది. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. చిన్న ఊళ్లలో పనిచేసే నాబోటి వాళ్లకు అది చేసిన మేలు ఇంతా అంతా కాదు. కానీ అది పుట్టింది అమెరికాలో. ఎవరూ ఏమీ చెప్పకపోతే లెటరు కాగితమే అనుకుంటుంది. అందులో దాని తప్పు లేదు. చెప్పవలసింది మనం.

మరి ఆజ్ఞ ఎందుకు లేదు అని అడగొచ్చు. 1984 నాటి తొలి పోస్ట్‌స్క్రిప్టులో కాగితం కొలత చెప్పడానికి అన్ని ప్రింటర్లకూ పనికొచ్చే ఒకే పద్ధతి లేదు. ఒక్కో ప్రింటరు మాట ఒక్కో రకం. సెట్ పేజ్ డివైస్ వచ్చింది రెండో స్థాయి పోస్ట్‌స్క్రిప్టుతో. అందుకే పాత ప్రోగ్రాములు తయారు చేసిన ఫైళ్లలో, పాత ప్రింటరు డ్రైవరు పెట్టుకుని ఫైలుగా దాచిన వాటిలో అది కనిపించకపోవచ్చు.

ఇప్పుడు మందు. అలాంటి ఫైలును ఘోస్ట్‌స్క్రిప్టుకు ఇచ్చేటప్పుడు పేపర్ సైజ్ ఈక్వల్ టు ఏ4 అనే మాట కలిపితే చాలు, లెటరు అనుకోవడం మానేస్తుంది. మా పాటల పుస్తకానికి కావలసిన వైద్యం అంతే. ఒక్క మాట మందు. తెలియక 3600 సార్లు పెన్ను ఎత్తి దించాం.

అయితే ఆ మాట అన్ని ఫైళ్ల మీదా పనిచేయదు. ఫైలులోనే సెట్ పేజ్ డివైస్ ఉండి, అందులో 612, 792 అని రాసి ఉంటే, మీరు బయటి నుంచి ఏ4 అని ఎంత చెప్పినా లోపలి ఆజ్ఞదే గెలుపు. కొందరు ఇక్కడే విసిగిపోతారు, ఏ4 అని చెప్పినా లెటరే వస్తోంది అని. అప్పుడు ఫిక్స్‌డ్ మీడియా అనే ఇంకో మాట కలపాలి. కాగితం ఇదే, మార్చకు అని దానర్థం. దానితో కొలత నిలబడుతుంది, కానీ లోపలి విషయం తన చోట తాను ఉంటుంది, సర్దుకోదు. సర్దాలంటే ఫిట్ పేజ్ అనే మాట వేరే ఉంది. అది కుదించి ఇరికిస్తుంది. దాన్ని ఎప్పుడు వాడకూడదో కాసేపట్లో చెబుతాను.

పని మొదలుపెట్టే ముందు ఫైలును కొలిపించడం నాకు అలవాటైంది. ఘోస్ట్‌స్క్రిప్టులో బీబాక్స్ అనే పరికరం ఉంది. అది ఏదీ అచ్చు వేయదు. సిరా నిజంగా ఎక్కడి నుంచి ఎక్కడి దాకా పడుతుందో కొలిచి నాలుగు అంకెలు చెబుతుంది. ఏ3 లాంటి పెద్ద కాగితం పేరు చెప్పి కొలిపించాలి, లేకపోతే కొలిచేటప్పుడే కోత పడొచ్చు. నాలుగో అంకె 792 దాటిందంటే ఆ పేజీ లెటరు మీద పడితే తల తెగుతుందని ముందే తెలుస్తుంది. ఆ డిసెంబరులో ఈ ఒక్క కొలత తీసి ఉంటే నాలుగో అంకె 800 పైన కనిపించేది.

దీనికి ఎదురు వైపు తప్పు కూడా ఉంది. లెటరుకు తయారైనది ఏ4 మీద పడడం. దాని లక్షణం వేరు. పైన తెల్లజాగా ఎక్కువ, కుడి పక్క మార్జిన్ ఇరుకు, పేజీ అంతా కిందికి జారినట్టు ఉంటుంది. తెలుగువాళ్ల కంప్యూటరు చరిత్రలో ఇలాంటి ఫైళ్లకు ఒక చక్కటి నేపథ్యం ఉంది. 1990ల తొలి ఏళ్లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకునే మనవాళ్లకు కంప్యూటరులో తెలుగు రాసుకునే దారి లేదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ గార్లు రిట్ అనే ప్రోగ్రాము తయారు చేశారు. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తే అది టెక్ అనే ముద్రణ వ్యవస్థకు అర్థమయ్యే తెలుగుగా మారుస్తుంది. ముక్కవిల్లి దంపతులు టెక్ కోసం చేసిన తెలుగు అక్షరాలు దానికి తోడయ్యాయి. టెక్ తయారు చేసిన పేజీ డీవీఐపీఎస్ అనే ప్రోగ్రాము ద్వారా పోస్ట్‌స్క్రిప్టుగా మారి లేజర్ ప్రింటరులోంచి తెలుగై వచ్చేది. పరాయి దేశంలో, పరాయి కీబోర్డు మీద, తల్లిభాషలో ఒక పేజీ చేతికొచ్చినప్పుడు వాళ్లకెంత సంతోషం కలిగి ఉంటుందో నాకు ఊహకందుతుంది. ఆ పేజీ అక్కడి కాగితానికి కొలిచింది. ఆ ఫైలునే ఇక్కడ ఏ4 మీద తీస్తే పైన అదనంగా ఖాళీ వదిలి కిందికి కూర్చుంటుంది. డీవీఐపీఎస్‌కు టీ ఏ4 అని ఒక్క మాట చెప్పి మళ్లీ తీయిస్తే సరిపోతుంది. మూలం ఉన్నప్పుడు మూలం దగ్గరికి వెళ్లి సరిచేయడమే అన్ని వైద్యాల కన్నా మంచిది.

మన జిల్లాల్లో డీటీపీ చేసేవాళ్లలో చాలామందికి టెక్ తెలియదు. మనది పేజ్‌మేకర్, అను అనే తెలుగు ఫాంట్లు. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత కొత్తది రాలేదు. అయినా దానితో కట్టిన పుస్తకాలు మన అల్మారాల నిండా ఉన్నాయి. అందులో కొలత తప్పే చోటు ఒకటి ఉంది. పేజీ కొలత ఒక చోట, కాగితం కొలత ఇంకో చోట అడుగుతుంది. డాక్యుమెంట్ సెటప్‌లో మనం అయిదున్నర, ఎనిమిదిన్నర అని పెడతాం. ఫైలుగా రాయమని ప్రింటు ఇచ్చేటప్పుడు పేపర్ అనే బొత్తాము నొక్కి అక్కడా కస్టమ్ అని ఎంచుకుని ఆ కొలతే ఇవ్వాలి. అది మరిచిపోతే ఎంచుకున్న ప్రింటరు తనకు తెలిసిన లెటరు కాగితాన్నే ఫైలులో రాసేస్తుంది. చిన్న పేజీ పెద్ద కాగితంలో తేలుతూ వస్తుంది. దాన్ని డిస్టిల్లర్ అనే ప్రోగ్రాము పీడీఎఫ్‌గా మారుస్తుంది. డిస్టిల్లర్ అమరికల్లో కూడా డిఫాల్ట్ పేజ్ సైజ్ అని 612, 792 ఉంటుంది. చాలామంది దాన్ని మార్చి, అయినా సైజు మారలేదని నాకు ఫోను చేస్తారు. తమ్మీ, అది ఫైలు ఏమీ చెప్పనప్పుడు మాత్రమే పనికొచ్చే అంకె, నీ ఫైలు ఇప్పటికే లెటరు అని చెప్పేసింది, వెనక్కి వెళ్లి పేజ్‌మేకర్‌లో పేపర్ చూడు అంటాను. నూటికి తొంభై సార్లు అక్కడే దొరుకుతుంది.

అయిదున్నర, ఎనిమిదిన్నర అన్నాను కదా, అది 1/8 డెమ్మీ. తెలుగు కథల పుస్తకాలు, కవితా సంపుటాలు ఎక్కువగా ఉండే సైజు. పాయింట్లలో 396, 612. ఒక్క క్షణం ఆలోచించండి, అది సరిగ్గా లెటరులో సగం. లెటరు కాగితాన్ని అడ్డంగా పెడితే రెండు డెమ్మీ పేజీలు వెంట్రుకవాసి తేడా లేకుండా పడతాయి. మన పుస్తకం సైజు అమెరికా కాగితంతో కలుస్తుంది గాని మన ఏ4తో కలవదు. ఏ4లో సగం ఏ5. అది 148 మిల్లీమీటర్ల వెడల్పు, 210 పొడవు. డెమ్మీ పేజీ 140 వెడల్పు, 216 పొడవు. కొత్తగా పుస్తకం వేసుకునే రచయితలు ఏ5లో కంపోజ్ చేయించి, డెమ్మీలో అచ్చు వేయండి అని తెస్తారు. 8 మిల్లీమీటర్ల వెడల్పు ఎక్కడికి పోతుంది? కటింగులో పోతుంది, లేదా బైండింగ్ వైపు అక్షరాలు వీపులోకి దూరిపోతాయి. పుస్తకం అచ్చుకిచ్చే ప్రతి ఒక్కరికీ నా మనవి ఇది. కంపోజింగ్ మొదలుకాక ముందే ప్రెస్సుకు వెళ్లి, తయారైన పుస్తకం ఒకటి తెప్పించుకుని, స్కేలు పెట్టి మీరే కొలవండి. ఆ కొలతే మీ పేజీ కొలత.

లీగల్ కాగితం సంగతి కూడా చెప్పాలి. కంప్యూటరులో లీగల్ అంటే 14 అంగుళాలు, 1008 పాయింట్లు. మన దుకాణాల్లో లీగల్ అని అమ్మే కట్ట చాలాసార్లు 345 మిల్లీమీటర్లే ఉంటుంది, పదమూడున్నర అంగుళాల పైన కొంచెం. రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లో, అఫిడవిట్లలో సంతకం చోటు అంచు దాటడానికి కారణం తరచూ ఇదే.

ఇప్పుడు ఫిట్ పేజ్ దగ్గరికి వస్తాను. పీడీఎఫ్ అనేది పోస్ట్‌స్క్రిప్టు కడుపున పుట్టిందే, దాని సున్నా కూడా కింద ఎడమ మూలనే. కాబట్టి ఇప్పుడు చెప్పేది ఇంటర్‌నెట్ సెంటరుకు వెళ్లి హాల్ టికెట్ తీసుకునే ప్రతి విద్యార్థికీ సంబంధించినది. ప్రింటు ఇచ్చేటప్పుడు ఫిట్ అని, యాక్చువల్ సైజ్ అని రెండు దారులు కనిపిస్తాయి. ఫిట్ నొక్కితే ఏదీ తెగదు కాబట్టి అందరూ అదే నొక్కుతారు. ఏ4 పేజీ లెటరులో ఇరికితే నూటికి 94 అవుతుంది. లెటరు పేజీ ఏ4లో ఇరికితే 97. కంటికి తెలియదు. కానీ మూడున్నర సెంటీమీటర్ల వెడల్పు, నాలుగున్నర పొడవు ఉండవలసిన ఫొటో గడి 94లో 3.3, 4.2 అవుతుంది. అప్పుడు ఫొటో గడి దాటి సంతకం మీదికి వస్తుంది. మూడున్నర అంగుళాల విజిటింగ్ కార్డు 97లో 3.4కు తగ్గి కటింగు గీతకు అందదు. ఇంకో మాట. ముందే తల తెగిన పేజీని ఫిట్ చేసినా, పెంచినా, తగ్గించినా తెగిన ముక్క తిరిగి రాదు. కోత పడిన చోటికే వెళ్లి సరిచేయాలి. పాటల పుస్తకం రోజున నేను మొదట చేసిన పని పీడీఎఫ్‌ను ఏ4కు ఫిట్ చేయడం. నంబరు లేని పేజీ కొంచెం చిన్నదై వచ్చింది, అంతే.

ఈ కుదింపును పట్టుకోవడానికి నేను పెట్టుకున్న పరీక్ష చాలా చిన్నది. కొత్త పనైతే మొదటి పేజీ మూలన సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత ఒకటి గీస్తాను. ప్రింటు తీసి స్కేలు పెడతాను. 10 వస్తే అంతా సవ్యం. 9.7 వచ్చిందంటే లెటరు పేజీ ఏ4లో ఇరికింది. 9.4 వచ్చిందంటే ఏ4 పేజీ లెటరులో ఇరికింది. గీత పొడవే రోగం పేరు చెబుతుంది. పరీక్ష అయ్యాక గీత తీసేస్తాను.

బొమ్మగా మార్చేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పోస్టరు కోసం పోస్ట్‌స్క్రిప్టును చిత్రంగా తీసేటప్పుడు కొలతను పిక్సెళ్లలో అడిగే దారి ఒకటుంది. అక్కడ కొందరు పాయింట్లు రాస్తారు, 595, 842 అని. అంగుళానికి 300 చుక్కల లెక్కన 595 చుక్కలంటే రెండంగుళాలు కూడా కాదు. పేజీ కింది ఎడమ మూల ముక్క ఒకటి పెద్దగా వస్తుంది. 300 లెక్కన ఏ4 అంటే 2480, 3508 చుక్కలు. లోగోలుగా వచ్చే ఈపీఎస్ ఫైళ్లది ఇంకో తీరు. వాటికి పేజీ అంటూ ఉండదు, బౌండింగ్ బాక్స్ ఒక్కటే హద్దు. వాటిని మార్చేటప్పుడు ఈపీఎస్ క్రాప్ అనే మాట కలిపితే ఆ హద్దు మేరకే వస్తాయి, లేకపోతే పెద్ద తెల్లకాగితం మూలన చిన్న లోగో వస్తుంది. పట్టికలున్న పేజీలు వాటంతట అవే పక్కకు తిరిగిపోతే ఆటో రొటేట్ పేజెస్ అనే అమరికను ఆపేయండి.

ఈ పాత సంగతులు ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, సమయం తక్కువగా ఉంది. పోస్ట్‌స్క్రిప్టు ఫైళ్లు తెరిచే చోట్లు తగ్గిపోతున్నాయి. యాపిల్ కంప్యూటర్లలోని ప్రివ్యూ అనే ప్రోగ్రాము 2022లో వచ్చిన వెంచురా వెర్షన్ నుంచి వాటిని తెరవడం మానేసింది. 2023 జనవరి నుంచి అడోబీ తన ప్రోగ్రాముల్లో పోస్ట్‌స్క్రిప్టు వాడే పాత టైప్ 1 ఫాంట్లకు మద్దతు ఆపేసింది. మన ఊళ్లలో ప్రెస్సుల దగ్గర, డీటీపీ సెంటర్ల దగ్గర పాత సీడీల్లో సంఘాల పాటల పుస్తకాలు, పల్లె కవుల సంపుటాలు, బడి వార్షికోత్సవ సంచికలు పోస్ట్‌స్క్రిప్టు రూపంలో పడి ఉన్నాయి. చాలావాటికి మూలం ఫైలు లేదు, కంపోజ్ చేసిన మనిషి ఎక్కడున్నాడో తెలియదు. ఉన్నది ఆ ఒక్క ఫైలే. వాటిని ఇప్పుడే పీడీఎఫ్‌లుగా మార్చండి. మార్చే ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి పేజ్ సైజ్ వెతకండి. లేకపోతే బీబాక్స్‌తో కొలిపించండి. మార్చాక ప్రతి పేజీ పై వరసను అసలు పుస్తకంతో పోల్చి చూడండి. తెగిన పీడీఎఫ్ దాచి సీడీ పారేస్తే ఆ పై వరస ఇక ఎవరికీ దొరకదు.

ఆనాటి పాటల పుస్తకం ఒకటి ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. 24 పేజీల మీదా పిల్లల చేతిరాతలో నంబర్లున్నాయి. పక్కనే ఆ ఫైలు నుంచి తర్వాత నేను సరిగ్గా తీసిన పీడీఎఫ్ ప్రింటు ఉంది, కొలత 595, 842. ఎవరైనా కొత్తగా పని నేర్చుకోవడానికి వస్తే ముందు ఆ రెండూ వాళ్ల ముందు పెట్టి, చేతికి స్కేలు ఇస్తాను.